తిప్పే టీవీ స్టాండు కొనే ముందు మీ గోడ ఏమిటో తెలుసుకోండి

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే వస్తువు గురించి. గోడకు బిగించి, కావాలన్నప్పుడు ముందుకు లాగి, పక్కకు తిప్పుకుని, కాస్త కిందికి వంచుకునే టీవీ స్టాండు. షాపుల్లో ఫుల్ మోషన్ వాల్ మౌంట్ అంటారు, కొందరు మూవబుల్ స్టాండ్ అంటారు, ఏ పేరుతో అడిగినా అదే ఇస్తారు. అందుకే మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి ఈ నెల శీర్షిక మొత్తం దీనికే ఇచ్చేశాను.

ప్రశ్న: మాది కొత్త అపార్ట్‌మెంట్. 55 అంగుళాల టీవీ కొన్నాం. సోఫాలోంచి చూడాలి, డైనింగ్ టేబుల్ దగ్గరికీ కనపడాలి, వంటింట్లో పని చేసుకుంటూ నేనూ చూడాలి. ఆన్‌లైన్‌లో 50 కిలోల దాకా మోస్తుందని రాసి ఉన్న స్టాండు ఒకటి తెప్పించాను. మా టీవీ 15 కిలోలే. అయినా బిగించడానికి వచ్చిన అబ్బాయి గోడ మీద తట్టి చూసి, "మేడమ్, ఈ గోడకి ఇది వద్దు" అని వెళ్లిపోయాడు. 50 కిలోలు మోసేది 15 కిలోలు మోయదా?
— గృహిణి, మియాపూర్, హైదరాబాద్

ఆ అబ్బాయి మీకు మేలే చేశాడండి. పెట్టె మీద రాసిన 50 కిలోలు స్టాండు ఇనుము మోసే బరువు. మీ గోడ ఎంత మోస్తుందో ఆ స్టాండు చేసినవాళ్లకి తెలియదు, తెలిసే దారీ లేదు.

టీవీని గోడకి ఆనించినట్టు పట్టుకునే మామూలు స్టాండులో బరువు దాదాపు నేరుగా కిందికే పడుతుంది. గోడకి బిగించే ప్లేటుకీ టీవీకీ మధ్య మడతపడే ఇనప చెయ్యి ఉన్న స్టాండు అలా కాదు, టీవీని ముందుకి లాగిన కొద్దీ పై బోల్టుల్ని గోడలోంచి బయటికి పీకుతుంది. లెక్క చిన్నదే, చూడండి. గోడ ప్లేటు మీద పై బోల్టుకీ కింది బోల్టుకీ మధ్య 20 సెంటీమీటర్లు ఉందనుకుందాం. టీవీ 15 కిలోలు, గోడకి 5 సెంటీమీటర్ల దూరంలో ఉంది. 15ని 5తో గుణించి 20తో భాగిస్తే పై బోల్టుల మీద పడే పీకుడు నాలుగు కిలోలు కూడా రాదు. అదే టీవీని 50 సెంటీమీటర్లు బయటికి లాగితే 15ని 50తో గుణించి 20తో భాగించాలి, ముప్పై ఏడున్నర కిలోలు వస్తుంది. టీవీ బరువు ఏమీ పెరగలేదు, పీకుడు మాత్రం పది రెట్లయింది. ఇందులో స్టాండు చేతుల సొంత బరువు కలపలేదు, తిప్పేటప్పుడు మనం చేత్తో తోసే బలం కలపలేదు, పిల్లవాడెవడైనా కింది అంచు పట్టుకుని వేలాడితే ఏమవుతుందో అసలే కలపలేదు. అందుకే ఇలాంటి స్టాండు కొనేటప్పుడు గోడ ప్లేటు ఎంత పొడుగుందో చూడమంటాను. బోల్టుల మధ్య దూరం 20 నుంచి 40 సెంటీమీటర్లకి పెరిగితే అదే టీవీకి పీకుడు సగమవుతుంది.

ఇక మీ గోడ సంగతి. ఈమధ్య కట్టే చాలా అపార్ట్‌మెంట్లలో లోపలి గోడలు ఏఏసీ బ్లాకులతో కడుతున్నారు, మేస్త్రీలు లైట్ వెయిట్ బ్లాకులంటారు. బ్లాకు లోపలంతా సన్నటి గాలి బుడగలే, అందుకే తేలిక. ఇల్లు కట్టడానికి మంచి వస్తువే, నాకేం అభ్యంతరం లేదు. కానీ మామూలు నైలాన్ ప్లగ్గు గోడలో పట్టు దొరకబుచ్చుకునేది ఉబ్బి, చుట్టూ ఉన్నదాన్ని నొక్కడం వల్ల. గట్టి ఇటుక ఆ నొక్కుడుకి నిలుస్తుంది, ఏఏసీ బ్లాకు లోలోపల నలిగిపోతుంది. బిగించిన రోజు గట్టిగానే ఉంటుంది, రోజూ లాగడం, తిప్పడం, మళ్లీ వెనక్కి తోయడం వల్ల నెలలు గడిచేకొద్దీ వదులవుతుంది. అదే అసలు ప్రమాదం, ఎందుకంటే అప్పటికి మనం దాని సంగతే మరిచిపోయి ఉంటాం.

మీ గోడ ఏదో ఖాయంగా తెలుసుకోవాలంటే టీవీ వెనక కనపడని చోట సన్నటి కన్నం ఒకటి వేయించి రాలే పొడి చూడండి. మొదటి సెంటీమీటరున్నర, రెండు సెంటీమీటర్లు లప్పం, ప్లాస్టరింగే కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు, ఆ తర్వాత వచ్చేది చూడాలి. ఎర్రటి పొడి వస్తే ఇటుక. బిట్టు ముందుకి కదలక మొరాయిస్తూ బూడిద రంగు పొడి కొంచెం కొంచెంగా వస్తే కాంక్రీటు. ఏ కష్టమూ లేకుండా బిట్టు దిగిపోయి తెల్లగానో లేత బూడిద రంగులోనో మెత్తటి పొడి ధారగా రాలితే ఏఏసీ. మధ్యలో హఠాత్తుగా బిట్టు ఖాళీలోకి జారితే బోలు బ్లాకు, దానికీ మామూలు ప్లగ్గు పనికిరాదు. కొన్ని పెద్ద టవర్లలో మివాన్ పద్ధతిలో గోడలన్నీ కాంక్రీటుతోనే పోస్తారు, అలాంటి గోడ దొరికితే దీనికంటే మంచిది లేదు. కాకపోతే కన్నం వేయడానికి గట్టి హ్యామర్ డ్రిల్లు కావాలి, అసోసియేషన్ వాళ్లనీ ఒక మాట అడగాలి.

ఏఏసీ అని తేలితే ఏం చేయాలి? నేనైతే మొదట పిల్లర్ కోసం వెతుకుతాను. హాలు మూలలో గోడ కాస్త ముందుకి పొడుచుకు వచ్చిన చోట సాధారణంగా పిల్లరే ఉంటుంది, బిల్డర్ ఇచ్చిన ప్లాన్‌లోనూ కనపడుతుంది. చెయ్యి ఉన్న స్టాండుకి ఉన్న గొప్ప సౌకర్యమే అది, ప్లేటు పక్కన పిల్లర్‌కి బిగించి టీవీని గోడ మధ్యలోకి లాక్కోవచ్చు. అది కుదరకపోతే గోడకి అవతల ఏముందో చూడండి. అవతల మీ బెడ్రూమే అయితే బోల్టుని ఈ వైపు నుంచి ఆ వైపుకి దూర్చి, వెనక వెడల్పాటి ఇనప ప్లేటు పెట్టి నట్టు బిగించడం అన్నిటికంటే నమ్మకమైన పని. బెడ్రూమ్ గోడ మీద ప్లేటు కనపడుతుంది, రంగు వేసేయండి, లేదా అల్మారా వెనక పడేట్టు చూసుకోండి. మూడో దారి కెమికల్ యాంకర్, అంటే కన్నంలోకి జిగురు మందు ఎక్కించి అందులో రాడ్డు దించడం. ఏఏసీకి పనికొస్తుందని ఆ ట్యూబు మీద రాసి ఉండాలి, కన్నం హ్యామర్ ఆపేసి మామూలు డ్రిల్లుతో వేయాలి, లోపలి పొడి పూర్తిగా ఊదేయాలి, ట్యూబు మీద చెప్పినంతసేపు ఆగాకే బరువు పెట్టాలి. పనివాళ్లు తొందరపడేది ఈ చివరి రెండిట్లోనే, పక్కనే నిలబడి చూసుకోండి.

ఈ మూడూ కుదరక, గోడ నాలుగంగుళాలదే అయి, ఉత్త ప్లగ్గుల మీద 55 అంగుళాల టీవీని అర మీటరు బయటికి లాగుదామంటే మాత్రం నేను ఒప్పుకోను. దానికి బదులు నేల మీద నిలబడే చక్రాల స్టాండు తీసుకోండి, హాల్లో ఎటు కావాలంటే అటు తిరుగుతుంది.

ప్రశ్న: పెట్టె మీద "32 నుంచి 55 అంగుళాలు" అని ఉంటే మా 43 అంగుళాల టీవీకి సరిపోతుందని తెచ్చాం. తీరా చూస్తే కన్నాలు కలవలేదు. ఇచ్చిన స్క్రూల్లో కొన్ని పొట్టిగా, కొన్ని పొడుగ్గా ఉన్నాయి.
— చిరుద్యోగి, గుంటూరు

అంగుళాల లెక్క ఉజ్జాయింపు మాత్రమేనండి. చూడాల్సింది టీవీ వెనక ఉన్న నాలుగు కన్నాల మధ్య దూరం. దీనికి వెసా అనే కొలత ఉంది, ప్రపంచమంతా దాదాపు అదే వాడతారు. 200 x 200 అంటే కన్నాల మధ్య అడ్డంగా 200 మిల్లీమీటర్లు, నిలువుగా 200 మిల్లీమీటర్లు. చిన్న టీవీలకి 100 x 100, మధ్య రకానికి 200 x 200, పెద్దవాటికి 400 x 300, 400 x 400, ఇంకా పెద్దవి 600 x 400 కూడా ఉంటాయి. ఒకే సైజు టీవీ రెండు కంపెనీల్లో రెండు రకాలుగా ఉండొచ్చు కాబట్టి షాపుకి వెళ్లేముందు టేపు పెట్టి కొలుచుకుని, ఫోన్లో ఒక ఫోటో తీసుకుని వెళ్లండి. టీవీ బరువు మాన్యువల్‌లో ఉంటుంది, కాళ్లు లేకుండా ఎంతో చూడండి, గోడకి పెడితే కాళ్లు తీసేస్తాం కదా.

స్క్రూల విషయంలో జాగ్రత్త. పొడుగు స్క్రూని బలవంతంగా తిప్పితే లోపల బోర్డుకో ప్యానెల్‌కో తగిలి టీవీయే పోతుంది. మరీ పొట్టిది రెండు మరలు మాత్రమే పట్టి, కొన్నాళ్లకి ఊడొస్తుంది. కన్నంలోకి అగ్గిపుల్ల దూర్చి లోతు కొలిచి, దానికి ప్లేటు మందం కలపండి, స్క్రూ అంతకంటే కాస్త తక్కువే ఉండాలి. ముందు చేత్తోనే తిప్పండి, చేత్తో తిరగనంటే అది వేరే సైజు స్క్రూ అని అర్థం. చివరి బిగింపు స్క్రూడ్రైవర్‌తో, మెషిన్‌తో వద్దు. టీవీ వెనక భాగం కింద ఉబ్బుగా, పైన పల్చగా ఉంటే స్టాండుతో వచ్చిన ప్లాస్టిక్ గొట్టాలు పై స్క్రూలకి వేయాలి. చాలామంది అవి ఎందుకో తెలియక పారేస్తారు.

ఇంకొకటి, స్టాండు ప్లేటు వెనక భాగాన్ని కప్పేసినప్పుడు హెచ్‌డీఎంఐ, యూఎస్‌బీ పెట్టే చోట్లు మూసుకుపోతాయేమో షాపులోనే అడగండి.

ప్రశ్న: మా హాలు ఎల్ ఆకారంలో ఉంటుంది సార్. టీవీ పూర్తిగా పక్కకి తిరగాలి. అన్ని స్టాండుల మీదా "180 డిగ్రీలు" అని రాస్తున్నారు. అది నమ్మొచ్చా?
— రిటైర్డ్ టీచర్, రాజమహేంద్రవరం

కీలు 180 డిగ్రీలు తిరుగుతుందండి, అబద్ధం కాదు. టీవీ తిరుగుతుందా అన్నది చెయ్యి పొడవు మీద ఉంటుంది. టీవీ సగం వెడల్పు కంటే చెయ్యి పొట్టిగా ఉంటే అంచు పోయి గోడకి తగిలి అక్కడే ఆగిపోతుంది.

43 అంగుళాల టీవీ వెడల్పు సుమారు 96 సెంటీమీటర్లు, 55ది సుమారు 123, 65ది సుమారు 145. పూర్తిగా పక్కకి, గోడకి లంబంగా తిరగాలంటే చెయ్యి కనీసం ఇందులో సగం బయటికి రావాలి, అంటే 43కి 48 సెంటీమీటర్లు, 55కి 62, 65కి 73. సగం తిరిగితే చాలు, అంటే 45 డిగ్రీలైతే, 43కి 34, 55కి 44, 65కి 51 చాలు. 30 డిగ్రీలకి టీవీ వెడల్పులో నాలుగో వంతు సరిపోతుంది. నా అనుభవంలో చాలా ఇళ్లకి 30 నుంచి 45 డిగ్రీలు సరిపోతుంది, మిగిలినది కంటి చూపే సర్దుకుంటుంది. మొదటి జవాబులో చెప్పినట్టు చెయ్యి పొడవు పెరిగేకొద్దీ గోడ మీద పీకుడు పెరుగుతుంది కాబట్టి అవసరం లేని పొడవు కొనకండి. మీకు నిజంగా పూర్తి తిరుగుడే కావాలంటే, రెండు చేతులు కలిసి పనిచేసే రకం తీసుకుని, గోడ గట్టిదని తేల్చుకుని అప్పుడు కొనండి.

కొనే ముందు టీవీ వచ్చిన అట్టపెట్టెలోంచి టీవీ అంత ముక్క కోసి, ఒకరు పట్టుకుని, మీరు అనుకున్న దూరంలో తిప్పి చూడండి. పక్క గోడకో, కర్టెన్ రాడ్‌కో, ఫ్యాన్ రెక్కకో తగులుతుందేమో అక్కడే తెలిసిపోతుంది. మీ కుర్చీలోంచి చూస్తే ఎంత తిరగాలో కూడా తేలుతుంది.

ఒక మాట, కొన్ని టీవీలు పక్క నుంచి చూస్తే రంగులు వెలిసిపోయినట్టు కనపడతాయి, వీఏ అనే రకం తెర (ప్యానెల్) ఉన్నవాటిలో ఇది ఎక్కువ. ఐపీఎస్, ఓఎల్‌ఈడీ రకం తెరల్లో తక్కువ. మీరింకా టీవీ కొనకపోయి ఉంటే, ఓఎల్‌ఈడీకో ఐపీఎస్‌కో వెళ్లండి, అప్పుడు అసలు తిప్పాల్సిన అవసరమే సగం తగ్గుతుంది.

ప్రశ్న: మా నాన్నగారికి పక్షవాతం వచ్చి మంచం మీదే ఉంటున్నారు. కాళ్ల వైపు గోడకి 32 అంగుళాల టీవీ పెట్టాలనుకుంటున్నాం. పగలు కుర్చీలో కూర్చోబెడతాం, అప్పుడూ చూడగలగాలి. ఏ రకం తీసుకోవాలి, ఎంత ఎత్తులో పెట్టాలి?
— కూతురు, కరీంనగర్

నాన్నగారు త్వరగా కోలుకోవాలమ్మా. ఇలాంటి ఇంటికే ఈ స్టాండు నిజంగా ఉపయోగపడుతుంది.

32 అంగుళాల టీవీ చాలావరకు నాలుగు నుంచి ఆరు కిలోలే కాబట్టి ఒంటి చెయ్యి స్టాండు చాలు. పెద్ద బరువైనది కొని గోడని అనవసరంగా కష్టపెట్టొద్దు. మీరు చూడాల్సింది కిందికి ఎంత వంగుతుందన్నది, కనీసం 15 డిగ్రీలు వంగాలి. వంగిన చోటే నిలబడటానికి బిగించుకునే నాబ్ ఉండాలి, అది చేత్తో తిప్పగలిగేదైతే మేలు, స్పానర్ వెతుక్కునే పని ఉండదు.

ఎత్తు లెక్క చెబుతాను. దిండు మీద తల పెట్టుకున్న మనిషి కన్ను నేల నుంచి దాదాపు 75 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది, మంచాన్ని బట్టి కాస్త అటూ ఇటూ. టీవీ ఆ కన్ను నుంచి రెండున్నర మీటర్ల దూరంలో ఉండి 15 డిగ్రీలు కిందికి వంగితే, టీవీ నడిమధ్య నేల నుంచి 140 సెంటీమీటర్ల దగ్గర ఉన్నప్పుడు ఆయన మెడ ఎత్తకుండా తెర నేరుగా ఆయన మొహానికి ఎదురుగా వస్తుంది. కుర్చీలో కూర్చున్నప్పుడు వంపు తీసేసి, చెయ్యి లాగి ఆ వైపుకి తిప్పండి. హాల్లో అయితే నేను ఇంత ఎత్తు చెప్పను, సోఫాలో కూర్చున్నవాళ్ల కన్ను నేల నుంచి 100, 110 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది కాబట్టి టీవీ మధ్య భాగం అక్కడే ఉండాలి. మన ఇళ్లలో షోకేస్ పైన, తలుపంత ఎత్తున పెట్టి, అందరూ మెడ నొప్పి అంటుంటారు.

రెండు సంగతులు మాత్రం మరిచిపోవద్దు. టీవీని లాగి మంచం మీదికి, ఆయన కాళ్ల పైకి వచ్చేట్టు ఎప్పుడూ పెట్టొద్దు, ఎంత గట్టిగా బిగించినా సరే. చూడటం అయిపోగానే మడిచి గోడకి చేర్చేయండి, రాత్రి పూట ఆయన్ని చూడటానికి లేచి వచ్చేవాళ్ల తలకి ఆ అంచు తగిలే అవకాశం ఎక్కువ.

ప్రశ్న: టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఈమధ్యే ఇల్లు కొన్నాం. ఇక్కడ గోడలు చెక్క, అట్ట. ఇండియాలోలా ప్లగ్గులు పెట్టి 65 అంగుళాల టీవీని తిప్పే స్టాండుకి బిగించొచ్చా? ఫైర్‌ప్లేస్ పైన పెట్టమని ఫ్రెండ్స్ అంటున్నారు.
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

వద్దండి. అక్కడ కనపడే గోడ అరంగుళం మందం ఉన్న జిప్సమ్ బోర్డు. బరువు మోసేది దాని వెనక నిలువుగా ఉండే చెక్క స్టడ్స్, సాధారణంగా 16 అంగుళాలకొకటి, కొన్నిచోట్ల 24 అంగుళాలకొకటి ఉంటాయి. బోర్డుకే పట్టుకునే ప్లగ్గులు ఫోటో ఫ్రేములకి బాగుంటాయి, చెయ్యి ఉన్న స్టాండుకి పనికిరావు, వాటి మీద ఎన్ని పౌండ్లు అని రాసినా సరే, ఎందుకంటే ఆ పౌండ్ల లెక్క సాధారణంగా ఇలా బయటికి పీకే బరువుకి కాదు.

గోడ ప్లేటు రెండు స్టడ్స్‌ని అందుకునేంత వెడల్పు ఉన్న స్టాండు తీసుకోండి. స్టడ్ ఒకటిన్నర అంగుళం వెడల్పే, లాగ్ స్క్రూ, అంటే చెక్కలోకి దించే లావు స్క్రూ, దాని నడిమధ్యలోకి దిగాలి, అంచుకి దిగితే చెక్క చీలిపోతుంది. స్టడ్ ఎక్కడుందో చూపే స్టడ్ ఫైండర్ చెప్పింది నమ్మి ఊరుకోకుండా, ప్లేటు కప్పేసే చోట సన్నటి మేకు దించి రెండు అంచులూ ఎక్కడున్నాయో తేల్చుకుని మధ్య గీత గీసుకోండి. తర్వాత స్టాండు కాగితంలో చెప్పిన సైజు బిట్టుతోనే ముందు కన్నం వేయాలి, కన్నం లేకుండా లాగ్ స్క్రూ దించితే సగంలో విరిగిపోవచ్చు. మీ స్టడ్స్ చెక్కవి కాక రేకువైతే, కొన్ని అపార్ట్‌మెంట్లలో అలా ఉంటాయి, గోడ వెనక ప్లైవుడ్ పెట్టించకుండా చెయ్యి స్టాండు పెట్టకండి.

కరెంటు వైరుని బోర్డు వెనక నుంచి దించేస్తే నీట్‌గా ఉంటుందనిపిస్తుంది. టీవీతో వచ్చిన కరెంటు వైరుని గోడ లోపల నడపడం అక్కడి ఎలక్ట్రికల్ కోడ్ ఒప్పుకోదు. దానికోసమే గోడలో అమర్చే పవర్ కిట్లు దొరుకుతాయి, లేదా ఎలక్ట్రీషియన్‌తో టీవీ వెనకే సాకెట్ పెట్టించండి. హెచ్‌డీఎంఐ మాత్రం గోడలో వాడటానికని రేటింగ్ ఉన్నది తీసుకుని నడపొచ్చు.

ఫైర్‌ప్లేస్ పైన నేను వద్దంటాను. వేడి ఒక కారణం, ఎత్తు ఇంకా పెద్ద కారణం. తప్పదంటే టీవీని ముందుకి లాగి కిందికి దించుకునే పుల్ డౌన్ రకం ఉంటుంది, మంట వెలుగుతున్నప్పుడు మాత్రం కిందికి దించకూడదు.

ప్రశ్న: బిగించి ఆరు నెలలైంది. టీవీ ఒక పక్కకి ఒరిగింది, దానంతటదే కుడివైపు తిరిగిపోతోంది. స్టాండు పోయినట్టేనా?
— వ్యాపారి, నెల్లూరు

బహుశా కాదు. దానంతటదే తిరుగుతోందంటే గోడ ప్లేటు నిట్టనిలువుగా లేదన్నమాట, స్తంభం ఒరిగితే గేటు దానంతటదే తెరుచుకున్నట్టు. టీవీ దించి, రసమట్టం ప్లేటు మీద నిలువుగా పెట్టి చూడండి, తేడా ఉంటే బోల్టులు వదులు చేసి సరిచేయాలి. ప్లేటు సరిగ్గానే ఉండి టీవీ మాత్రమే ఒరిగితే, టీవీ పట్టుకునే తల దగ్గర లెవెల్ సరిచేసే స్క్రూలు రెండు ఉంటాయి, వాటితో రెండు మూడు డిగ్రీలు సర్దుకోవచ్చు. ముందుకి వాలిపోతోందంటే వంపు నాబ్ బిగించాలి. కొన్ని టీవీల్లో వెనక కన్నాలు బాగా కింద ఉంటాయి, బరువంతా పైన ఉండి వాలుతుంది, వాటికి నాబ్ మరింత గట్టిగా ఉండాలి.

కానీ వీటన్నిటికంటే ముందు ఒకటి చూడండి. టీవీని పూర్తిగా బయటికి లాగి, గోడ ప్లేటు పై అంచు దగ్గర టార్చి వేయండి. ప్లేటుకీ గోడకీ మధ్య సందు కనపడితే, లేదా బోల్టు చుట్టూ లప్పం పగిలి పొడి రాలుతుంటే, ఇంకేమీ ఆలోచించకుండా ఇద్దరు పట్టుకుని టీవీ దించేయండి. అది స్టాండు లోపం కాదు, గోడ వదిలేస్తోంది. అదే కన్నంలో అగ్గిపుల్లలు కుక్కి మళ్లీ బిగిస్తామనే పనివాళ్లుంటారు, ఒప్పుకోవద్దు. ప్లేటు జరిపి కొత్త కన్నాలు వేయించండి, గోడ ఇటుకదైతే ఇటుక నడుమ, సిమెంటు అతుకులో కాదు, ప్లగ్గు ప్లాస్టరింగ్ దాటి ఇటుకలోకి పూర్తిగా దిగాలి.

ప్రశ్న: వైర్ల సంగతి చెప్పండి. స్విచ్ బోర్డు పక్కనే కన్నాలు వేయాలంటే టెన్షన్‌గా ఉంది.
— విద్యార్థి, తిరుపతి

టెన్షన్ పడటం న్యాయమే. మన ఇళ్లలో వైర్ల పైపు స్లాబు నుంచి స్విచ్ బోర్డుకి నిలువుగా దిగుతుంది. బోర్డుకి సరిగ్గా పైనా, సరిగ్గా కిందా కన్నం వేయకూడదు, టీవీ సాకెట్‌కి కూడా అంతే. డ్రిల్లు చేసేటప్పుడు ఆ గది ఎంసీబీ ఆపేసి, వేరే గది నుంచి మెషిన్‌కి కరెంటు తీసుకోండి.

కేబుళ్ల పొడవు మాత్రం టీవీని చివరి దాకా లాగి, ఆ చివరికీ ఈ చివరికీ తిప్పి, అప్పుడు కొలవండి. మడిచి ఉన్నప్పుడు కొలిచి కొంటే లాగినప్పుడు కరెంటు ప్లగ్గు ఊడొస్తుంది, లేదా టీవీ వెనక హెచ్‌డీఎంఐ సాకెట్టే దెబ్బతింటుంది, దానికి రిపేరు ఖర్చు స్టాండు ధరని మించొచ్చు. కీలు దగ్గర వైరుని బిగించి కట్టకుండా కాస్త వదులుగా వంపు ఇవ్వండి. సాకెట్ గోడ ప్లేటుకి పక్కగా, టీవీ కప్పేసే చోట ఉండాలి, ప్లేటు వెనక కాదు, లేకపోతే స్టాండు పూర్తిగా మడవదు.

ప్రశ్న: మాది బీచ్‌కి దగ్గర. ఇనుము ఏదైనా ఏడాదికే తుప్పు పడుతుంది. స్టాండుకి ఏం చేయాలి?
— గృహిణి, విశాఖపట్నం

పౌడర్ కోటింగ్ ఉన్నది తీసుకోండి, గీతలు పడిన చోట వెంటనే రంగు వేయండి. అసలు చూడాల్సింది గోడ బోల్టులు, అవి స్టెయిన్‌లెస్ స్టీలువి వేయించండి, స్టాండుతో వచ్చిన మామూలువి పక్కన పెట్టేయండి. కీళ్ల దగ్గర ఏడాదికోసారి కాస్త గ్రీజు రాస్తే కిర్రుమనదు, టీవీ మీద పడకుండా చూసుకోండి.

ప్రశ్న: అద్దె ఇల్లు. ఓనర్ మేకు కొట్టినా ఊరుకోరు. కానీ హాలు చిన్నది, తిప్పే స్టాండు ఉంటే బాగుంటుంది.
— కొత్త దంపతులు, విజయవాడ

ముందు ఓనర్‌గారిని అడగండి, నోటిమాటగా కాకుండా వాట్సాప్‌లో, ఎన్ని కన్నాలో, ఎక్కడో చెప్పి. కన్నాలు పూడ్పించి ఇస్తామంటే ఒప్పుకునేవాళ్లు ఉంటారు. ఒప్పుకోకపోతే గోడ జోలికి వెళ్లకుండా, బరువైన అడుగు ప్లేటు మీద నిలబడి పైన చెయ్యి తిరిగే ఫ్లోర్ స్టాండ్లు దొరుకుతాయి, 43 అంగుళాల దాకా వాటితో హాయిగా సరిపెట్టుకోవచ్చు. అడుగు ప్లేటు టీవీ కంటే మరీ ఇరుకుగా లేకుండా చూడండి, ఇంట్లో పిల్లలుంటే పైభాగాన్ని ఏదైనా గట్టి ఫర్నిచర్‌కి బెల్టుతో కట్టండి.

ఒప్పుకుని బిగించుకుంటే, ఖాళీ చేసేటప్పుడు ప్లగ్గు బయటికి పీకొద్దు, చుట్టూ ప్లాస్టరింగ్ పెచ్చులూడుతుంది. స్క్రూ తీసేసి, ప్లగ్గు అంచుని గోడ మట్టానికి కోసి, పైన లప్పం పెట్టి, ఆరాక సన్నటి ఎమెరీ కాగితంతో రుద్ది, అదే రంగు వేయించండి. రంగు డబ్బా మీద షేడ్ నంబరు ఓనర్‌గారి దగ్గర ఇప్పుడే అడిగి రాసి పెట్టుకోండి.